ప్లేట్ రీడర్ లోపల పసుపు

ఉద్యోగం ముగియడానికి ఏడాది ముందు నేను మళ్ళీ విద్యార్థినయ్యాను. మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు శుభ్రత పాఠం చెప్పే గదిలో, వాళ్ళ మధ్య, చివరి కుర్చీలో రెండు రోజులు కూర్చున్నాను. గ్లౌజులు ఎలా తొడుక్కోవాలి, మిషన్ల దగ్గరికి ఏమేం తీసుకురాకూడదు, పొరపాటు జరిగితే ఎవరికి చెప్పాలి, ఇదీ పాఠం. అంతకుముందు ఆరేళ్ళుగా ఆ పాఠం చెబుతూ వచ్చింది నేనే. ఇలాంటి ఉద్యోగాల్లో ఇప్పుడిప్పుడే కాలు పెడుతున్న మీకు నవ్వుకోవడానికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మొహమాటపడకుండా నవ్వండి. ఆ గదిలో పిల్లలు కూడా మొహమాటపడలేదు.

నాది మూసాపేట. ఐటీఐ చదివి, బాలానగర్‌లో ఒక షాపులో లేత్ మిషన్ మీద పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. ఆ షాపు మూతపడ్డాక, చిన్న మిషన్ల మరమ్మతు బాగా వచ్చని ఎవరో చెబితే, హైటెక్ సిటీలో ఈ ల్యాబువాళ్ళు తీసుకున్నారు. అద్దాల భవనంలో ఏడో అంతస్తు మాది. మిగతా అంతస్తులన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలవి. పైన ఏదో వైరస్ పెంచుతున్నామని కింద పుకారు ఉండేది. ఒకసారి లిఫ్టులో మెడలో ఐడీ కార్డు వేలాడుతున్న కుర్రవాడు గోడకు అతుక్కుపోయి నన్నడిగాడు.

"అంకుల్, మీ ఫ్లోర్‌ల హెచ్‌ఐవీ ఉంటదంట గదా?"

"ఉంటే నేను గీ పప్పన్నం డబ్బ పట్టుకొని రోజు పోతనా బాబూ?" అన్నాను. అతను డబ్బా వైపు అనుమానంగానే చూశాడు.

మా పని హెచ్‌ఐవీ మీదే గానీ, నిజానికి మా దగ్గర ఆ వైరస్ లేనే లేదు. దాని ఒంటి మీద ముళ్ళలా పొడుచుకొని ఉండే ఒక ప్రోటీను ఉంటుంది. అలాంటి ప్రోటీనును ల్యాబులో తయారు చేసి, టీకాగా పనికొస్తుందా అని చూడటం మా పని. ఆ పని చూసే శాస్త్రవేత్త కర్నూలు వైపు అమ్మాయి. ముప్ఫై దాటి ఉంటుంది. నల్లగండ్ల నుంచి స్కూటీ మీద వచ్చేది. ఆమె చేరిన కొత్తలో నేనొక రోజు, ఈ నానో కణాలంటే ఏమిటని అడిగాను. ఆ ఫ్లోరులో అంతవరకు మెకానిక్కుకు ఎవరూ అలాంటివి చెప్పలేదు. ఆమె చేతిలో పని పక్కన పెట్టి మరీ చెప్పింది.

"ఉమ్మెత్తకాయ చూసినారా సార్? దాని ముల్లు ఒకటి ఇరిగి దావలో పడిందనుకోండి, మనం చూసుకోకుండా తొక్కి పోతాం. అదే కాయంతా ముళ్ళతో ఉంటే చెయ్యి పెట్టేముందే భయపడతాం గదా? మన ఒంట్లో కాపలా కాసే కణాలు కూడా అంతే. ఉత్త ప్రోటీను ముక్కని ఇస్తే పెద్దగా పట్టించుకోవు. అదే ముక్కల్ని చిన్న ప్రోటీను బంతి, మీరడిగిన నానో కణం అదే, దాని మీద సుట్టూ గుచ్చి ఇస్తే, ఇదేందిరా అని లేచి కూచుంటాయి. యాంటీబాడీలు బాగా చేస్తాయి."

"చేస్తయని గ్యారంటీనా?"

"అది చూడడానికే గదా సార్ నేనుండేది," అని నవ్వింది.

ఆ మాట పట్టుకొని మూడేళ్ళు తిరిగింది. వాళ్ళ ఊరి పక్కనే హైవే. లారీలు నడిపేవాళ్ళ ఇళ్ళలో ఈ జబ్బుతో తండ్రి పోయి, తల్లి మందుల కోసం నెలనెలా జిల్లా ఆసుపత్రిలో వరసలో నిలబడటం చిన్నప్పుడే చూసిందట. ఒక్కసారే చెప్పింది ఆ సంగతి. మళ్ళీ ఎత్తలేదు.

పరీక్ష ఇలా జరిగేది. కొన్ని ఎలుకలకు ఉత్త ప్రోటీను టీకా, కొన్నింటికి బంతి టీకా. ఎలుకలు ఊరి బయట వేరేచోట ఉండేవి. వాటి రక్తం నుంచి తీసిన సీరం చిన్న సీసాల్లో మాకు వచ్చేది. దాన్ని తొంభై ఆరు గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో వేస్తారు. గుంట గుంటకూ మరింత పలుచన చేసుకుంటూ పోతారు. యాంటీబాడీలు ఎక్కువగా ఉన్న గుంట చివరికి పసుపుపచ్చగా మారుతుంది. తక్కువ ఉంటే లేత రంగు, లేకపోతే నీళ్ళ రంగు. ఎంత పచ్చగా ఉందో కొలిచే మిషన్ పేరు ప్లేట్ రీడర్. అది నా ముద్దుబిడ్డ. దాని దీపం మార్చింది నేను, పళ్ళెం లోపలికి జారే ట్రే సరిచేసింది నేను, ఆపి ఆన్ చేస్తే దీపం త్వరగా పోతుందని "ఆపరాదు" అని కాగితం అంటించింది కూడా నేనే.

ఇంకో కాగితం కూడా నేనే అంటించాను. మా డైరెక్టరుగారిది రాజమండ్రి వైపు. నెమ్మదైన మనిషి, ఎవరినీ "అండీ" అనకుండా పిలవడు. శుభ్రత దగ్గర మాత్రం పట్టువిడుపు లేదు. దసరాకి వారం ముందు నన్ను పిలిచాడు.

"చూడండి, పండగ చేసుకోవద్దని నేనననండి. రిసెప్షన్‌లో అమ్మవారి పటం పెట్టి దండ వేద్దాం, స్వీట్లు పంచుదాం. మిషన్ల దగ్గర మాత్రం పసుపు, కుంకుమ, నిమ్మకాయ, కొబ్బరికాయ ఏవీ కనపడకూడదండి. పిల్లలు మీ మాటైతే వింటారు."

"నేను జూస్కుంట సార్, ఫికర్ చేయకుండ్రి," అన్నాను. నోటీసు ప్రింటు తీసి ప్రతి తలుపుకీ అంటించాను.

అయితే బాలానగర్‌లో పద్దెనిమిది దసరాలు గడిపినవాణ్ణి. ఆయుధ పూజ నాడు లేత్‌ను నూనెతో తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ రోజంతా దానికి పని చెప్పేవాళ్ళం కాదు. ఏడాది పొడుగునా మన వేళ్ళు తెగకుండా చూసినదానికి ఒక్క రోజు మర్యాద అన్నమాట. ల్యాబులో చేరాక కూడా ఎవరూ చూడకుండా మిషన్ల వెనక చిన్న బొట్టు పెడుతూనే వచ్చాను. నోటీసు అంటించిన చేతులతో ఈసారి ఆ పని చేయాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. మానేద్దామంటే మనసు ఒప్పలేదు. ఆ అమ్మాయి పరీక్షలు రెండో విడత టీకా దాకా వచ్చాయి. అవి బాగా రావాలని నాకూ ఉంది.

పండగనాడు పొద్దున ఏడున్నరకే వెళ్ళాను. మా ఫ్లోరు ఊడ్చే అమ్మ అప్పటికే రిసెప్షన్‌లో పటం తుడుస్తోంది. ఆమె దగ్గర కాగితం పొట్లంలో పసుపు ఉంది. చిటికెడు అడిగి, అరచేతిలో రెండు చుక్కల నీళ్ళతో కలిపి, వరసగా అన్నింటికీ పెట్టుకుంటూ పోయాను. సెంట్రిఫ్యూజ్‌కు వెనక, షేకర్‌కు కాలి దగ్గర. ప్లేట్ రీడర్ మాత్రం గోడకు ఆనుకొని ఉంది, వెనక చెయ్యి పోదు. ముందు పెడితే డైరెక్టరుగారి కంట పడుతుంది. బటన్ నొక్కితే ట్రే బయటికి వచ్చింది. ఆ తెరుచుకున్న తలుపు లోపలి అంచుకు, ఎవరికీ కనిపించని చోట, పెద్ద బొట్టే పెట్టాను. మంచి పని చేశానన్న తృప్తితో చేతులు కడుక్కొని వెళ్ళి అందరితో పాటు లడ్డు తిన్నాను.

నెల తిరిగేసరికి ల్యాబులో నవ్వులు తగ్గాయి. మొదటి విడత టీకా తర్వాత బంతి టీకా ఎలుకలు చాలా ముందున్నాయి. రెండో విడత తర్వాత ఆ తేడా పోయింది. ఉత్త ప్రోటీను టీకా ఎలుకల సీరం ఎంత పలుచన చేసినా రంగు తగ్గడం లేదని మిషన్ చెబుతోంది. అంటే యాంటీబాడీలు బ్రహ్మాండంగా ఉన్నట్టు. ఆ వరసల్లో ఏదో అంటుకుంటోందేమోనని ఆ అమ్మాయి కడగడం రెట్టింపు చేసింది. కొత్త పళ్ళేలు తెప్పించింది. మూడుసార్లు చేసినా అదే ఫలితం. డైరెక్టరుగారు తేల్చేశాడు.

"రెండో డోసుకి రెండూ సమానమైపోతే ఇక బంతి ఎందుకండీ? డబ్బు పెడుతున్న పార్ట్‌నర్స్ కూడా అదే అడుగుతారు. శుక్రవారం కాల్‌లో ఆపేద్దామని చెప్పేద్దాం. మీరు స్లైడ్లు సిద్ధం చేసుకోండి."

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు నేను రీడర్ గదిలోకి వెళ్ళేసరికి ఆమె నాలుగోసారి చేసిన పళ్ళెం బల్ల మీద పెట్టుకొని స్క్రీన్ చూస్తూ కూర్చుంది. పక్కన అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

"ఏంది బిడ్డా, అన్నం తినలే?"

"ఆకలి ల్యా సార్. నాలుగు గంటలకి కాల్. నా ప్రాజెక్టుకి నేనే మూత పెట్టాల." డబ్బాను ఇంకాస్త పక్కకు జరిపింది. "మూడేండ్లు సార్. తప్పని తేలినా బాధ ల్యా. సరిగా చూసి తేల్చినానా అని మనసులో పీకుతాంది."

ఆమె స్లైడ్లు చేయడానికి వెళ్ళిపోయింది. పళ్ళెం అక్కడే ఉంది. పారేద్దామని తీసి, ఊరికే, ఒక తెల్ల కాగితం మీద పెట్టి చూశాను. లేత్ మీద పనిచేసినవాడికి ఆ జబ్బు పోదు. కొలిచే పనిముట్టు ఏం చెప్పినా ఒకసారి కంటితో చూస్తేనే నమ్మకం. చూస్తే, కింది రెండు వరసల్లో, అంటే ఆమె ఎప్పుడూ ఉత్త ప్రోటీను సీరం వేసే వరసల్లో, చివరి గుంటలు నీళ్ళలా తెల్లగా ఉన్నాయి. స్క్రీన్ మీద ఆ గుంటలకే పెద్ద అంకెలు ఉన్నాయి. ఆ పిల్ల, ఆమె తోటివాళ్ళు అందరూ స్క్రీన్ చూసేవాళ్ళే. పళ్ళెం ఎవరూ చూడలేదు.

పళ్ళెం తీసి, ఒలకకుండా అటు కొస ఇటుకు తిప్పి, పై వరసలు కింది వరసల చోటికి వచ్చేలా పెట్టి మళ్ళీ చదివించాను. ఈసారి ఉత్త ప్రోటీనుకు అంకెలు పడిపోయాయి. కిందికి వచ్చిన వరసల్లోని అంకెలు పెరిగాయి. అంటే ఎక్కువ చూపిస్తున్నది సీరం కాదు, మిషన్‌లోని ఆ చోటు.

మీకు ఒక్క ముక్క చెప్పాలి. ఆ రీడర్ లోపల ఎనిమిది చిన్న కటకాలు ఉంటాయి, ఒక్కో వరసకు ఒక్కోటి. నేను కవరు విప్పి టార్చి వేశాను. కింది రెండు కటకాల మీద పచ్చటి పొడి. తల ఎత్తి చూస్తే తలుపు అంచున నేను పెట్టిన బొట్టు, ఎండి, పెచ్చులు లేచి, సగం రాలిపోయి ఉంది. ట్రే వెళ్ళి వచ్చినప్పుడల్లా కొంత రాలినట్టుంది. మామూలు దుమ్మయితే మిషన్ రెండో రంగు వెలుగు వేసి చూసుకొని లెక్కలోంచి తీసేసేది. పసుపు ఆ పరీక్ష రంగులోనే ఉండటంతో అది కూడా యాంటీబాడీయే అనుకుంది. ఆపి ఆన్ చేస్తే తన్ను తాను సరిచూసుకునేది, ఆపరాదని కాగితం పెట్టిన పెద్దమనిషిని నేనే. ముందుభాగంలో అందరికీ కనపడేలా పెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు. దాచిపెట్టినందుకే ఇంత అయింది.

నేల మీదే కూలబడ్డాను. చేతిలో కటకాలు తుడిచే మెత్తని కాగితం ఉంది. ఊడ్చే అమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఏమైంది సార్? గట్ల కూసున్నవేంది? షుగర్ తక్కువైందా?"

విషయం చెప్పాను. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నా పసుపేనా సార్? అమ్మో!" అని, కాసేపు ఆలోచించి, "ఇగో జర తుడిచెయ్యి. గట్టిగ రెండు నిమిషాల పని. దుమ్ము వడ్డదని చెప్పు. గంత మంది గదా, దుమ్ము వడదా?" అంది.

ఆ ఆలోచన నాకు అప్పటికే వచ్చింది, అబద్ధం ఎందుకు? పదవీ విరమణకు ఏడాది ఉంది. శుభ్రత పాఠం చెప్పే మనిషిగా నాకు ఆ ఫ్లోరులో కొంచెం పేరుంది. కానీ దుమ్ము పడిందంటే, ఎప్పుడు పడింది అని అడుగుతారు. తెలియదంటే ఏ పళ్ళెం నమ్మాలో, ఏది పారేయాలో వాళ్ళకు తెలియదు. మొదటి విడత ఫలితాలు కూడా అనుమానంలో పడతాయి. ఏ రోజు నుంచి చెడిందో ఖచ్చితంగా తెలిసినవాణ్ణి ఈ భూమి మీద నేనొక్కణ్ణే. ఆ తేదీ నేను చెప్పకపోతే ఆ పిల్ల మూడేళ్ళూ పోతాయి. మెత్తని కాగితం జేబులో పెట్టుకొని, ఫోనుతో ఆ కటకాలకు, ఆ బొట్టుకు ఫొటోలు తీశాను. ఏదీ తుడవలేదు.

"నీ పేరు చెప్పనులే," అన్నాను ఆ అమ్మతో.

"చెప్పినా ఫర్వాలే సార్. మంచి పసుపే, నిజామాబాద్‌ది," అంది ఆమె పౌరుషంగా.

నాలుగు దాటాక మీటింగు గది తలుపు తట్టాను. గోడ మీద పెద్ద స్క్రీన్‌లో విదేశీ పార్ట్‌నర్లు ఇద్దరు కనిపిస్తున్నారు. ఆ అమ్మాయి నిలబడి మూడో స్లైడు దగ్గర ఉంది. డైరెక్టరుగారు నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు. "ఏమండీ, అర్జెంటా?"

"అర్జెంటే సార్. ఆపేసుడు గిట్ల ఇప్పుడే చెప్పకుండ్రి. మిషన్ తప్పు చూపిస్తుంది. తప్పు మిషన్‌ది గాదు, నాది."

ఫోను ఆమె చేతిలో పెట్టాను. దసరా పూజ, పసుపు, తలుపు అంచు, రెండు కటకాలు, తిప్పి చదివించిన పళ్ళెం, అంతా ఉన్నదున్నట్టు చెప్పాను. డైరెక్టరుగారు కుర్చీ నా వైపు తిప్పాడు.

"ఆ నోటీసు అంటించింది మీరే కదండీ?"

"నేనే సార్. ఏడు తలుపులకు అంటించిన."

ఆ అమ్మాయి ఫొటో పెద్దది చేసి చూసింది. ఆమె ముఖంలో రంగు తిరిగి రావడం నేను చూశాను. అప్పటికప్పుడు ఇంగ్లీషులో స్క్రీన్‌లోని వాళ్ళకు చెప్పింది. అందులో ఒకాయన ఏదో అడిగాడు.

"ఏ దినం అని అడుగుతాండారు సార్. ఖచ్చితంగా."

"ఆయుధ పూజ నాడు పొద్దున ఏడున్నర, ఎనిమిది నడుమ," అన్నాను. ఆమె ఆ రోజును తేదీగా మార్చి చెప్పింది. ఆయన రాసుకున్నాడు. రెండో ఆమె, మా ఊరు ఎప్పుడూ చూసి ఉండని ఆమె, నవ్వు ఆపుకోలేక కెమెరా ఆపేసింది. మళ్ళీ వచ్చి కళ్ళు తుడుచుకుంటూ రెండు వారాలు గడువు ఇస్తున్నామంది. సీరం ఫ్రీజరులో మిగిలే ఉంది కాబట్టి పరీక్షలన్నీ మళ్ళీ చేయవచ్చు.

డైరెక్టరుగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదని అప్పుడు అనిపించింది. లోపం జరిగినప్పుడు నింపే ఫారం ఒకటి ఇచ్చి, నా చేత్తోనే నింపమన్నాడు. "కారణమైన పదార్థం" అన్న చోట "పసుపు" అని రాశాను. తర్వాత ఆ పాఠం గదికి పంపాడు, అది మీకు ముందే చెప్పాను. నా చోట పాఠం చెప్పింది నా దగ్గరే నేర్చుకున్న పిల్ల. "దేవుడైనా సరే, గ్లౌజులు లేకుండా లోపలికి రాడు" అని మధ్యలో కొత్త వాక్యం ఒకటి కలిపింది. ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి నాకు.

కటకాలు శుభ్రం చేసి, మిషన్ ఆపి ఆన్ చేసి, సరిచూసి ఆమెకు అప్పగించాను. రెండు వారాలు ఆమె ఆ గదిలోంచి కదల్లేదు. ఈసారి వరసలు కూడా మార్చి మార్చి వేసింది, ఏ గుంటలో ఏ టీకా సీరం ఉందో తన నోట్‌బుక్కులో తప్ప ఎక్కడా రాయలేదు. చివరి పళ్ళెం రోజు నన్ను పిలిచింది. స్క్రీన్ మీద తెల్ల కాగితం అతికించి ఉంది.

"నేను ఇంకా చూడల్యా సార్. ముందు మీరు చెప్పండి. కంటితో."

పళ్ళెం తెల్ల కాగితం మీద పెట్టి వంగి చూశాను. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాను. "గీ రెండో వరస, ఐదోది, ఏడోది. చివరి దాక పచ్చగనే ఉన్నయ్. మిగిలినయ్ నడుమకే వెల్లబడ్డయ్," అన్నాను.

ఆమె నోట్‌బుక్కు తెరిచింది. వేలు ఒక్కో వరస మీద నడిపింది. రెండు, ఐదు, ఏడు. మూడూ బంతి టీకావే. అప్పుడు స్క్రీన్ మీద కాగితం పీకేసింది. మిషన్ కూడా అదే చెప్పింది. ఎలుకల్లో ఇంత యాంటీబాడీ వస్తే మనుషుల్లోనూ టీకా వచ్చేసినట్టు కాదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఇంకా ఎన్ని మెట్లున్నాయో ఆమె ఎన్నోసార్లు చెప్పింది. అయినా ఆ గదిలో మేమిద్దరం చిన్నపిల్లల్లా గెంతినంత పని చేశాం. ఆమె ఏడ్చింది కూడా. నేను ఏడవలేదని చెప్పను.

కాసేపయ్యాక కళ్ళు తుడుచుకొని ఫలితాల పేజీ ప్రింటు తీసి, తను సంతకం పెట్టింది. దాని పక్కన "సరిచూసినవారు" అన్న గీత ఖాళీగా ఉంది. అక్కడ ఎప్పుడూ ఇంకో శాస్త్రవేత్త పెడతారు. ఆమె పెన్ను నా వైపు తిప్పింది.

"నేనేంది బిడ్డా? నేను మెకానిక్‌ను. డైరెక్టర్ సార్ ఒప్పుకోడు."

"పొద్దున్నే అడిగినా సార్. ఆయనే చెప్పినాడు, తన తప్పుని తనే పట్టిచ్చిన మనిషి కన్నా నమ్మకమైన సంతకం యాడ దొరుకుతాదండీ అని. పెట్టండి."

ఇన్నేళ్ళలో నేను మరమ్మతు రిజిస్టరులో తప్ప ఎక్కడా సంతకం పెట్టలేదు. ఆమె పేజీ కదలకుండా వేలితో పట్టుకుంది. పెట్టాను. రిజిస్టరు గళ్ళకు అలవాటైన చేతికి ఆ చిన్న గీత చాలలేదు, చివరి అక్షరం దాన్ని దాటి కిందికి పోయింది. ఇంకో ప్రింటు తీయమన్నాను, ఆమె ఒప్పుకోలేదు. ఆ వంకర సంతకంతోనే ఆ పేజీ పార్ట్‌నర్ల దగ్గరికి వెళ్ళింది.